ఊరందరి బావగారు

ఆ రోజు పేపరాయన పేపరును ఎప్పటిలా తలుపు కింద నుంచి తోసి పోలేదు. బెల్లు కొట్టి, చేతికిచ్చి, "మీ ఫోటో కూడా పడింది బావగారూ" అని చెప్పి మరీ వెళ్ళాడు. ఏదో బహుమతి వచ్చినట్టే చెప్పాడు.

ఫోటో నిజంగానే పడింది. ఎవరి పెళ్ళిలోనో తీసింది, నోరు తెరిచి ఏదో తినబోతుండగా. దాని పక్కన మూడు వేళ్ళ వెడల్పు అక్షరాలతో శీర్షిక: "ఫైలు బావగారి దగ్గరుంది!"

కింద చిన్న అక్షరాలు చదవడానికి కళ్ళజోడు కావాల్సి వచ్చింది. ఊరందరికీ కళ్ళజోళ్ళు అమర్చే ఆ మనిషికి తన కళ్ళజోడు మాత్రం ఏనాడూ వేళకు దొరకదు. భార్య వెతికి తెచ్చి ఇచ్చి, భుజం పక్కన నిలబడి తనూ చదివింది. భవనాలకు అనుమతులిచ్చే శాఖలో లంచాలు. మంత్రిగారి ఆంతరంగిక కార్యదర్శి ఒక బిల్డరుతో ఫోన్లో మాట్లాడిన మాటలు బయటపడ్డాయి. "బావగారు చూడాలి." "బావగారికి ఇంకా అందలేదట, అలిగారు." "బావగారు ఊ అంటే రేపే సంతకం." మొత్తం పదకొండుసార్లు బావగారు. మంత్రిగారికి ఉన్నది ఒక్కగానొక్క అక్క, కాబట్టి బావగారూ ఒక్కరే.

ఆ అక్క ఈవిడే. తమ్ముడు మంత్రిగా ప్రమాణం చేసిన సాయంత్రమే వీధి వీధంతా కలిసి కళ్ళజోళ్ళాయనకు ప్రమోషను ఇచ్చి బావగారిని చేసేసింది. మంగలికి బావగారు, టీ కొట్టాయనకు బావగారు, తనకంటే ఇరవయ్యేళ్ళు పెద్దదైన పక్కింటి ముసలమ్మకూ బావగారే. ఆరేళ్ళ నుంచీ అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే, ఎవర్నో పిలుస్తున్నారని ఆయనే పక్కకు చూసేవాడు. దాచుకోవడం దేనికి, ఆ పిలుపు ఆయనకు బాగానే ఉండేది.

"మనం ఏం చేశామండీ?" అంది భార్య.

"ఏమీ చెయ్యలేదు. అదే వచ్చిన చిక్కు," అని పేపరు మడిచి చంకలో పెట్టుకుని దుకాణానికి బయల్దేరాడు. ఆ రోజు ఇవ్వాల్సిన కళ్ళజోళ్ళు రెండున్నాయి. పరువు పోయినా పని ఆగదు కదా అనుకున్నాడు.

దుకాణం ఎదురుగా ఇస్త్రీ కొట్టు. ఇస్త్రీ ఆవిడ ఆయన్ని చూడగానే పెట్టె పక్కన పెట్టి రోడ్డు దాటి వచ్చింది. "మన బావగారి మీదా రాతలు! రాసినవాడి చేతులు పడిపోను! మీరేం దిగులు పడకండి. మంత్రిగారు చూస్తూ ఊరుకుంటారా?" అంటూ రాత్రి పూర్తిచేసిన చొక్కాలు చేతిలో పెట్టింది. కాలరు దగ్గర ఒక్క ముడత ఉండదు ఆవిడ పనిలో. ఈయన చొక్కాలకు రెండేళ్ళుగా డబ్బు తీసుకోదు. ఎన్నిసార్లు ఇవ్వబోయినా, "అయ్యో, మీ దగ్గరా!" అని చెయ్యి వెనక్కి తోస్తుంది. ఇప్పుడూ అలాగే తోసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఈ గొడవల్లో అడక్కూడదు గానీ, నా పింఛను కాగితం సంగతి?"

"చూస్తున్నాను," అన్నాడు బావగారు. ఆ మాట ఆయన నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

లోపలికి వెళ్ళి సానరాయి తిప్పాడు. దానిమీద నీళ్ళు చుక్క చుక్క పడుతుంటే అద్దం అంచును ఆనించి నెమ్మదిగా అరగదీశాడు. వెలుతురుకెత్తి చూశాడు, బొటనవేలితో అంచు తడిమాడు, మళ్ళీ ఆనించాడు. ఇంకొక్క వెంట్రుకవాసి తగ్గితే ఫ్రేములో కూర్చుంటుంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ముగ్గురు నిలబడ్డారు. ముందున్నావిడ కార్డు చూపించింది. అవినీతి నిరోధక శాఖలో విచారణాధికారిణి.

"దుకాణం సోదా చెయ్యాలి. సహకరిస్తారా?"

"కూర్చోండి మేడమ్. ఈ అద్దం ఒక్కటీ బిగించేస్తాను," అన్నాడు. అని, తానన్నదానికి తనే బిత్తరపోయాడు.

ఆవిడ కూర్చోలేదు. ఆవిడ మనుషులు బీరువా, ఫ్రేముల పెట్టెలు, అక్షరాల చార్టు వెనక గోడ, అన్నీ చూశారు. బల్ల కింద తాళం వేసిన సొరుగు ఒకటి మిగిలింది. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. తియ్యడానికి చాలాసేపు పట్టింది.

సొరుగు ఇలా లాగగానే కాగితాలు పైకి ఉబికి వచ్చాయి. కవర్లు, మడతలు, దారంతో కట్టిన దొంతరలు. పైన ముత్యాల్లాంటి దస్తూరీలో "గౌరవనీయులైన మంత్రివర్యులకు". అధికారిణి మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ ముఖాల్లో కనిపించింది సంతోషమే.

"ఇవి మీ దగ్గరెందుకున్నాయి?"

బావగారు ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడ ముక్కు మీది కళ్ళజోడు జారుతోంది, ప్రతి వాక్యానికీ ఒకసారి పైకి తోసుకుంటోంది. ముక్కు దగ్గరి మెత్తలు విచ్చుకున్నాయి. రెండు నిమిషాల పని. ఆయన చెయ్యి తనంతట తానే పట్టకారు మీదికి పోయింది.

"ఒక్కసారి ఇస్తే సరిచేస్తాను మేడమ్."

"వద్దండీ. మీ చేత పని చేయించుకున్నానని రేపు నా మీదా రాస్తారు," అంది ఆవిడ. కాగితాలన్నీ గోతంలో వేయించి, మూతి కట్టించి, సీలు వేయించింది. "ఎల్లుండి పది గంటలకు ఆఫీసుకు రండి. ఈ కాగితాల లెక్క తేలాలి."

గోతం జీపెక్కుతుంటే వీధంతా బయటికొచ్చి చూసింది. ఇస్త్రీ ఆవిడ కూడా చూసింది.

*

"సొరుగులో ఏమున్నాయి?" అని భార్య అడిగింది. కూరలు తరుగుతూ, తలెత్తకుండా అడిగింది.

"అర్జీలు."

"ఎవరివి?"

"ఊరందరివీ."

కత్తి ఆగింది. "తమ్ముడి కారు డ్రైవరు చేత పంపిస్తున్నానన్నారుగా?"

ఆయన గ్లాసులో నీళ్ళు పోసుకుని తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ కాసేపు చూసింది. తర్వాత మళ్ళీ కత్తి కదిలింది, ముక్కలు మాత్రం పెద్దవిగా పడ్డాయి.

ఒక్కటీ పంపలేదు. అసలు సంగతి అంతే. పంపడానికి దారి ఉంటేగా! కానీ ఆ మాట బయటికి చెప్పాలంటే దాని వెనకున్నదంతా చెప్పాలి. మంత్రిగారింట్లో బావగారికి కుర్చీ లేదని, గేటు దగ్గరే ఆపేస్తారని, ఆరేళ్ళుగా వీధికి వినిపించిన "చూస్తున్నాను" అంతా ఉత్తదేనని. జైలంటే ఆయనకు భయమే. కానీ ఆ నిజాన్ని నలుగురిలో చెప్పుకోవడం అంతకంటే కష్టంగా తోచింది.

మర్నాడు మంత్రిగారి లాయరు వచ్చాడు. "అక్కయ్యగారూ, బావగారూ" అంటూ చెప్పులు విడిచి, చనువుగా సోఫాలో సర్దుకుని, ఫోను కలిపి ఈయన చేతికిచ్చాడు.

"బావా, బాగున్నావా?"

ఆరేళ్ళ తర్వాత ఆ గొంతు నేరుగా చెవిలో పడింది. కళ్ళజోళ్ళాయన లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలీదు.

"నాలుగు రోజులు ఓపిక పట్టాలి బావా. నువ్వు మనవాడివి, నీకు నేను చెప్పాలా? లాయరుగారు కాగితం చూపిస్తారు. నువ్వు సంతకం పెట్టు, తర్వాత నిన్ను కడుపులో పెట్టుకుని చూసుకునే పూచీ నాది. అక్కను అడిగానని చెప్పు."

అక్క వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడకు ఫోను ఇమ్మని మాత్రం తమ్ముడు అడగలేదు.

లాయరు కాగితం బల్లమీద పరిచాడు. "రెండు నెలలు. అందులో సగం ఆసుపత్రిలోనే గడిచేట్టు చూస్తాను. తర్వాత కేసు నీరుగారిపోతుంది. మీ పేరు ఎవరికీ గుర్తుకూడా ఉండదు," అని చెప్పి, రేపు పది గంటల లోపు కబురు చెయ్యమని వెళ్ళాడు.

బావగారు కళ్ళజోడు తుడుచుకుని కాగితం చదివాడు. "మంత్రిగారి ఇంటికి తరచూ రాకపోకలు గల నేను, వారికి తెలియకుండా, వారి పేరు వాడుకుని..." మొదటి ముక్క దగ్గర ఆగాడు. తరచూ రాకపోకలు గల నేను. మళ్ళీ చదివాడు. సిగ్గులేని మాటే గానీ, చదువుతుంటే ఒక్క క్షణం తియ్యగానే అనిపించింది. ఈ కాగితం మీద సంతకం పెడితే జైలుకు వెళ్ళినా బావగారిలాగానే వెళ్ళవచ్చు. వీధిలో తల దించుకున్నా, మంత్రిగారి కోసం దించుకున్న తల అవుతుంది. పెట్టకపోతే ఏమవుతాడు? అర్జీలు దాచుకుని అబద్ధాలాడిన ఒక కళ్ళజోళ్ళవాడు.

భార్య వచ్చి భుజం మీదుగా చదివింది. "తరచూ రాకపోకలా!" అంది. అంతే అంది.

"నేను నిజం చెప్తే నీ తమ్ముడి పదవి పోతుంది," అన్నాడాయన.

"వాడికి స్నానాలు చేయించి జుట్టు దువ్వి బడికి పంపినదాన్ని. నన్నడక్కండి. నా చేత వద్దనిపించకండి, సరే అనీ అనిపించకండి." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

పది గంటలకు అధికారిణి గదిలో బల్లకు ఇవతల కూర్చున్నాడు. కాగితం జేబులో మడతపెట్టి ఉంది, ఇంకా సంతకం లేదు. బల్లమీద గోతం. పక్కన ఒక పెద్ద రిజిస్టరు, అట్ట మూసి ఉంది.

"మీ దగ్గర దొరికిన అర్జీలు రెండువందల పైచిలుకు," అంది ఆవిడ. "ఇందులో ఏవేవి మంత్రిగారికి చేర్చారు? దేనికి ఏం తీసుకున్నారు? నిదానంగా చెప్పండి."

ఆయన జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. కాగితం గరగరలాడింది. చెయ్యి తీసేశాడు.

"ఒక్కటీ చేర్చలేదండీ."

"ఒక్కటీ?"

"గేటు దాటనిస్తే కదండీ చేర్చేది! ఒకే ఒక్కసారి వెళ్ళాం, నేనూ మా ఆవిడా. ఆయన మంత్రయిన కొత్తలో. చూసి సంతోషపడి వద్దామని. టోకెను ఇచ్చి షెడ్డులో బెంచీ మీద కూర్చోబెట్టారు. పొద్దున వెళ్ళినవాళ్ళం, మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. మా ముందు ఇంకా ముప్ఫై మంది ఉండగానే ఆయన కారెక్కి వెళ్ళిపోయారు. మా వైపు చూశారు కూడా. చెయ్యి ఊపారు, అందరికీ ఊపినట్టే. ఇంటికొచ్చి మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మళ్ళీ వెళ్ళలేదండీ."

"మరి అర్జీలెందుకు తీసుకున్నారు?"

"కాదనలేకపోయాను." ఇక దాచడానికేమీ మిగల్లేదు. "మొదటావిడకు వద్దనే చెప్దామనుకున్నాను. బావగారూ మీరే దిక్కు అంది. ఆ పిలుపు బాగుంది మేడమ్. ఒకరిది తీసుకున్నాక ఇంకొకరిది వద్దనడమెలా? అలా సొరుగు నిండింది."

"ఏమైనా పుచ్చుకున్నారా వాళ్ళ దగ్గర?"

"పుచ్చుకున్నానండీ," అన్నాడు. బల్ల చివర కూర్చుని వాంగ్మూలం రాసుకుంటున్న కుర్రాయన కలం సర్దుకున్నాడు. "ఎదురు కొట్టు ఆవిడ రెండేళ్ళుగా చొక్కాలు ఊరికే ఇస్త్రీ చేస్తోంది. టీ కొట్టాయన పంచదార రెండు చెంచాలు వేస్తాడు, డబ్బులకు రేపు చూద్దామంటాడు. మంగలి షాపులో ఎంతమంది ఉన్నా నన్నే ముందు కూర్చోబెడతాడు."

రాసుకుంటున్నాయన "మంగలి" దగ్గర ఆగి, ఇదీ రాయాలా అన్నట్టు తలెత్తాడు. అధికారిణి నవ్వాపుకోడానికి కిటికీ వైపు తిరిగింది. తిరిగి ఇటు చూసేసరికి ముఖం మామూలుగా ఉంది. రిజిస్టరు తెరిచి, గుర్తు పెట్టుకున్న పేజీ ఆయన వైపు తిప్పింది.

"మంత్రిగారి ఇంటి గేటు రిజిస్టరు. నిన్న స్వాధీనం చేసుకున్నాం. ఆరేళ్ళలో మీ పేరు ఒక్కచోటే ఉంది. చూడండి."

చూశాడు. తన పేరు. కింద భార్య పేరు. వచ్చిన వేళ, టోకెను నంబరు. చివరి గడి పైన "మంత్రిగారికి ఏమవుతారు?" అని అచ్చువేసి ఉంది. దాని కింద ఇద్దరికీ కలిపి ఒకే మాట రాశాడు కాపలావాడు: అర్జీదారులు.

ఆయన ఆ గడి మీద వేలు పెట్టి ఇంకోసారి చదివాడు.

"గోతంలో కవర్లు కూడా చూశాం," అంది అధికారిణి మెల్లగా. "చాలావాటికి అంటించిన జిగురు కూడా ఊడలేదు. పనులు చేయించేవాడు కనీసం చదువుతాడు కదా. మీ నోటితో విందామని ఆగాను. అయితే, ఆ ఆఫీసులో బావగారంటే ఎవరు?"

"నాకు తెలీదండీ. నేను మాత్రం కాదు."

ఆ మాట అన్నాక ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఎంత చిన్న మాట! దీన్ని అనడానికా ఆరేళ్ళు పట్టింది అనుకున్నాడు. కాళ్ళూ చేతులూ తేలికగా ఉన్నాయి.

"మూడో టేపులో బిల్డరు తొందర పెడుతుంటే కార్యదర్శి అంటాడు, 'బావగారు సభలో కునుకు తీస్తున్నారు, బయటికి రాగానే అడుగుతాను' అని. మీరెప్పుడైనా శాసనసభలో నిద్రపోయారా?"

"నేను దుకాణంలో కూడా నిద్రపోనండీ," అన్నాడు నొచ్చుకుంటూ. ఒక్క క్షణం ఆగి అర్థమైంది. నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అవును. మంత్రిగారినే వాళ్ళు బావగారంటున్నారు. ఎవరు విన్నా మీరే అనుకుంటారని. కార్యదర్శి నిన్న రాత్రి ఒప్పుకున్నాడు." ఆవిడ గోతం ఇవతలికి జరిపింది. "జాబితా రాసుకున్నాం. ఇవి మాకు అక్కర్లేదు. ఎవరివి వాళ్ళకు ఇచ్చెయ్యండి. ఇక్కడ సంతకం పెట్టండి."

సంతకం పెట్టాడు. లాయరు ఇచ్చిన కాగితం జేబులోంచి తీసి, అది కూడా ఆవిడ ముందు పెట్టాడు. గోతం భుజానికెత్తుకుని బస్సెక్కాడు.

ఇంటికొచ్చి జరిగిందంతా ఒక్క ముక్క వదలకుండా భార్యకు చెప్పాడు. రిజిస్టరులో రాసిన మాట కూడా చెప్పాడు. ఆవిడ విని, "చేతులు కడుక్కోండి, వడ్డిస్తాను," అంది. వడ్డించి, తను తినకుండా లేచి వెళ్ళింది.

*

మర్నాటి పేపరులో మంత్రిగారి ఫోటో పెద్దదిగా పడింది. లోపలి పేజీలో కళ్ళజోళ్ళాయన సొరుగు గురించీ పడింది. ఇకనుంచి మనమూ ఆయన్ని బావగారనడం మానేద్దాం, వీధి మానేసింది కాబట్టి.

దుకాణం తెరిచి, అర్జీలన్నీ బల్లమీద పేర్ల వరసన పేర్చి పెట్టుకుని కూర్చున్నాడు. మొదట టీ కొట్టాయన వచ్చి తన కాగితం తీసుకుని, ఒక్క చూపు చూసి వెళ్ళాడు. బ్యాంకు గుమాస్తా నవ్వుతూ వచ్చి నవ్వుతూనే వెళ్ళాడు, అది ఇంకా కష్టంగా ఉంది. ఒకాయన తిట్టాడు. పక్కింటి ముసలమ్మకు తాను ఇచ్చింది ఏ అర్జీయో గుర్తులేదు, ఇద్దరూ కలిసి వెతికారు.

ఇస్త్రీ ఆవిడ అందరూ అయ్యాక వచ్చింది. చేతిలో ఆయన చొక్కాల మూట, నలిగినవి నలిగినట్టే ఉన్నాయి. బల్లమీద ధబ్బున పడేసింది.

"ఏమయ్యా, రెండేళ్ళయ్యా! చూస్తున్నాను, చూస్తున్నాను అన్నావు. ఏం చూశావు? నాకు ఆ ఆఫీసు ఎక్కడుందో తెలీదా, దారి తెలీదా? నువ్వున్నావు కదా అని కదల్లేదు. నేనే పోయుంటే ఈపాటికి చేతికొచ్చేది!"

"తప్పే," అన్నాడు. "నాదే తప్పు." వరసలోంచి ఆవిడ కవరు తీశాడు. "ఇవాళే వెళ్దాం. నేనూ వస్తాను."

"నువ్వొస్తే అయ్యే పని కూడా ఆగిపోతుంది." కవరు లాక్కుని గుమ్మం దాకా వెళ్ళింది. వెనక్కి తిరిగింది. "ఇందులోని ఫారంలో అక్షరాలు చీమల్లా ఉంటాయి. నాకు ఆనవు."

ఆయన లేచి స్టూలు జరిపాడు. ఆవిడ ముఖం మాడ్చుకునే కూర్చుంది. అక్షరాల చార్టు మీద దీపం వేసి, పరీక్ష ఫ్రేము ముక్కుకు తగిలించి, ఒక్కొక్క అద్దం మారుస్తూ, "ఇదా, ఇదా? ఏది తేట?" అని అడిగాడు. మామూలు చత్వారమే. సిద్ధంగా ఉన్న జోడు ఒకటి తీసి, కాడలు వేడిచేసి చెవుల వెనక్కి వంచి, రెండుసార్లు తీసి పెట్టి చూశాడు. ఆవిడ కవరులోంచి ఫారం తీసి, కూడబలుక్కోకుండా మొదటి వరస చదివేసింది. ఖరీదు అడిగి, నోట్లు లెక్కపెట్టి బల్లమీద పెట్టింది. ఆయన కూడా వద్దనలేదు. చిల్లర తిరిగి ఇచ్చాడు. రెండేళ్ళలో ఆ కొట్టుకూ ఈ కొట్టుకూ మధ్య సాఫీగా జరిగిన పని అదొక్కటే.

సాయంత్రం ఇంటికి వెళ్తుంటే ఒక్కళ్ళూ పలకరించలేదు. ఆశ్చర్యం, దానికీ బాధ అనిపించలేదు. ఎవరికీ ఏమీ చూడాల్సింది లేదు. ఈ హాయి ఎన్నాళ్ళుంటుందో గానీ, గుమ్మం దగ్గర అడుగు తడబడింది. లోపల ఇంకొకరున్నారు. నిన్న వడ్డించిన దగ్గర్నుంచీ ఆవిడ నోరు విప్పలేదు.

చెప్పులు విడుస్తుండగానే ఫోను మోగింది. భార్యే తీసింది. అవతలి గొంతు ఎంత గట్టిగా ఉందంటే గుమ్మంలోకీ వినపడింది.

"అక్కా! బావ ఎంత పని చేశాడో చూశావా? సొంత మనిషని నమ్మితే నన్ను బజారున పడేశాడు! అసలు ఏమనుకుంటున్నాడు బావ?"

కళ్ళజోళ్ళాయన ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడిపోయాడు.

ఆవిడ ఫోను ఒక చెవి నుంచి రెండో చెవికి మార్చుకుంది. భర్త వైపు చూసింది. తర్వాత ఎంతో నెమ్మదిగా అడిగింది:

"ఏ బావరా?"

అవతలివాడు అందుకునేలోపు తనే చెప్పింది:

"మా ఇంట్లో ఉన్నాయన కళ్ళజోళ్ళు చేసుకుంటాడు. ఆయన సంగతైతే నన్నడుగు, చెప్తాను. మీ ఆఫీసులో బావ సంగతి నాకేం తెలుసు, నువ్వే చెప్పాలి."

ఫోను పెట్టేసింది. కుర్చీలో కూలబడింది. ఆయన ఒంటి చెప్పుతోనే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"చిన్నప్పుడు వాడు అబద్ధమాడితే చెవులు ఎర్రగా అయ్యేవి," అంది కళ్ళు తుడుచుకుంటూ. "దాన్నిబట్టే పట్టుకునేదాన్ని. ఫోన్లో ఏం కనపడతాయి, నా ఖర్మ!"

ఆయనకు నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. ఆవిడ ముందు కోపంగా చూసి, తర్వాత తనూ మొదలుపెట్టింది. ఏడుస్తూ నవ్వి, నవ్వుతూ ఏడ్చి, చివరికి ఆయన కాలి వైపు చూసి, ఆ రెండో చెప్పు కూడా విడిచి రమ్మని కసిరింది.